గదిలో పెంచే నారుకి ఏ లైట్ మీటర్ కొనాలి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది రాయగడ జిల్లాలో గుణుపురం దగ్గర పల్లె. వానాకాలంలో బయట నారుమడి పోస్తే వానకి కొట్టుకుపోతోందని, ఖాళీగా ఉన్న సామాన్ల గదిలో ఇనప ర్యాక్ పెట్టి ప్రోట్రేల్లో (గుంటలుండే ప్లాస్టిక్ ట్రేల్లో) మిరప, టమాటా నారు పెంచుతున్నాను. ఒక్కో అర నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. అరకి రెండేసి 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులు కట్టాను, రోజూ 16 గంటలు వేస్తున్నాను. అయినా నారు సన్నగా సాగిపోయి పక్కకి వాలిపోతోంది. బరంపురంలో లక్స్ మీటర్ కొన్నాను, అది 420 చూపిస్తోంది, ఫోన్‌లో యాప్ చూస్తే 7,800 అంటోంది. షాపతను ఇవేవీ పనికిరావు, పార్ మీటర్ తీసుకోమంటున్నాడు, ధర వింటే కళ్ళు తిరిగాయి. గులాబీ రంగు గ్రో లైట్లు కూడా వేద్దామనుకుంటున్నాను. ఏ మీటర్ కొనమంటారు? (మీటర్ ఫోటో పంపుతున్నాను.)

జవాబు: ముందు ఆ ఫోటో సంగతి. మీటర్ మీద 420 కనిపిస్తున్న మాట నిజమే, కానీ స్విచ్ 20,000 దగ్గర ఉంది, అక్కడే చిన్న అక్షరాల్లో ×10 అని రాసి ఉంది చూడండి. అంటే కనిపించిన అంకెని పదితో గుణించాలి. మీ అరలో ఉన్నది 4,200 లక్స్. కంగారుపడకండి, ఈ పొరపాటు మా విద్యార్థులు కూడా ఏటా చేస్తారు.

ఇక మీటర్ ఏది కొనాలని అడిగారు కదా, ప్రస్తుతానికి ఏదీ కొనకండి. మీకు తక్కువైంది మీటర్ కాదు, వెలుతురు. ఎలా చెబుతున్నానంటే...

లక్స్ అనేది మనిషి కంటికి ఎంత వెలుగు కనిపిస్తుందో చెప్పే లెక్క. మన కంటికి ఆకుపచ్చ, పసుపు ఛాయలు బాగా ఆనతాయి, ఎరుపు, నీలం తక్కువ ఆనతాయి, లక్స్ మీటర్‌ని కూడా అలాగే తయారుచేస్తారు. మొక్కది వేరే లెక్క. 400 నుంచి 700 నానోమీటర్ల (కాంతి రంగుని చెప్పే కొలత) దాకా ఉన్న కాంతి అంతా, అంటే నీలం నుంచి ఎరుపు దాకా, ఆకు వాడుకుంటుంది, దాన్నే పార్ అంటారు. మెక్‌క్రీ అనే శాస్త్రవేత్త 22 రకాల పంట మొక్కల ఆకుల మీద ఒక్కో రంగు వేసి కొలిచి 1972లో అచ్చువేసిన లెక్కే ఈరోజుకీ అందరికీ ఆధారం (ఆకుపచ్చ కాంతి మొక్కకి పనికిరాదని గ్రో లైట్లు అమ్మేవాళ్ళు చెప్పేది తప్పని అందులోనే తేలింది, బాగానే పనికొస్తుంది). పార్ మీటర్ ఆ మొత్తం కాంతిని కణాల్లాగా లెక్కపెట్టి, చదరపు మీటరుకి సెకనుకి ఇన్ని మైక్రోమోల్స్ అని చెబుతుంది (మోల్ అంటే కణాల లెక్కకి వాడే పెద్ద కొలత, అందులో పది లక్షల్లో ఒక వంతు మైక్రోమోల్). కాబట్టి షాపతను చెప్పిన మాటలో సగం నిజం ఉంది.

మిగతా సగం ఏంటంటే, దీపం తెల్లదైతే లక్స్‌ని మైక్రోమోల్స్‌లోకి మార్చుకోవడం పెద్ద పనేం కాదు. ఎండలో చదివిన లక్స్‌ని 54తో భాగించాలి, మామూలు తెల్ల ఎల్‌ఈడీ అయితే సుమారుగా 65తో. ట్యూబుని బట్టి ఐదో పదో శాతం తేడా రావచ్చు, నారు పెంచడానికి ఆ తేడాతో నష్టం లేదు. మీ 4,200ని 65తో భాగిస్తే దాదాపు 65 మైక్రోమోల్స్. ఇది మోటారు సెకనుకి ఎంత నీరు పోస్తోందో చెప్పడం లాంటిది, మడికి రోజంతా ఎంత నీరు పడిందో తెలియాలంటే ఎన్ని గంటలు ఆడిందో కూడా చూడాలి కదా. 16 గంటలకి లెక్క కడితే మీ నారుకి రోజుకి అందుతున్నది 3.7 మోల్స్. టమాటా, మిరప నారు గట్టిగా, పొట్టిగా రావాలంటే 10 నుంచి 12 దాకా కావాలి. మూడో వంతు తిండితో పెంచుతున్నారు, నారు వెలుతురు కోసం మెడ సాచుతోంది, అంతే.

200 మైక్రోమోల్స్ వస్తే 16 గంటలకి పదకొండున్నర మోల్స్ అవుతాయి. అంటే మీ లక్స్ మీటర్ 13,000 చూపించాలి, ×10 మీద 1,300. అరకి రెండు ట్యూబులు కాదు, ఆరు కావాలి. కరెంటు అరకి రోజుకి రెండు యూనిట్ల దగ్గర పడుతుంది, లెక్క వేసుకోండి. ఆ ఖర్చు తగ్గాలంటే ర్యాక్‌కి మూడువైపులా తెల్ల థర్మాకోల్ షీట్లు నిలబెట్టండి, పక్కలకి పోయే వెలుతురు వెనక్కి తిరిగొస్తుంది. గంటలు పెంచేస్తే సరిపోతుంది కదా అని 24 గంటలూ మాత్రం వేయొద్దు, చీకటి లేకుండా పెంచితే టమాటా ఆకులు పసుపెక్కి పాడవుతాయి.

గులాబీ లైట్ల దగ్గర మాత్రం మీ మీటర్ మిమ్మల్ని నిలువునా ముంచుతుంది. వాటిలో ఉండేది 660 నానోమీటర్ల ఎరుపు, 450 దగ్గర నీలం, రెండూ కంటికి తక్కువ ఆనే రంగులే. ఆ కాంతి ఒక్క మైక్రోమోల్‌కి ఏడెనిమిది లక్సే వస్తుంది. అంటే 200 మైక్రోమోల్స్ పూర్తిగా పడుతున్నా మీటర్ 1,500 చూపిస్తుంది, మీరేమో చాలలేదని లైట్లు ఇంకా దించి ఆకులు మాడ్చుకుంటారు. పైగా చవక మీటర్లలో రంగుల్ని మన కంటి చూపుకి తగ్గట్టు సర్దే ఫిల్టర్ అంత బాగుండదు, ఈ రెండు రంగుల దగ్గర అది చూపించే 1,500ని కూడా నమ్మలేం. నన్నడిగితే గులాబీ లైట్లు వద్దు. ఆ వెలుతురులో ఆకు ఏ రంగులో ఉందో తెలియదు, తామర పురుగు పట్టినా, నారుకుళ్ళు మొదలైనా కనిపించదు. తెల్ల ట్యూబులే వేసుకోండి, మీ దగ్గరున్న మీటరే చాలు.

రేపు నిజంగా పెద్ద ఎత్తున వేసి పార్ మీటర్ కొనాల్సి వస్తే ఒక్కటి అడగండి: ఏ రంగుని ఎంత పట్టుకుంటుందో చూపించే గ్రాఫ్ ఇమ్మని. 400 నుంచి 700 దాకా గీత సమంగా వెళ్ళి అక్కడ ఒక్కసారిగా పడిపోవాలి. పాత తరం సెన్సర్లు కొన్ని 650 దాటగానే చూపు తగ్గిపోయేవి, గ్రో లైట్లలో ఎరుపేమో సరిగ్గా 660 దగ్గర. గ్రాఫ్ ఇవ్వలేకపోతే అది లక్స్ మీటర్‌కే పార్ అని పేరు పెట్టిందేమో అని అనుమానించండి. అపోజీ, లైకార్ కంపెనీల మంచి మీటర్లు ఐదంకెల ధరకి తగ్గవు, నాలుగు అరల ర్యాక్‌కి అంత పెట్టడం నాకైతే దండగనిపిస్తుంది. పర్లాకిమిడిలో వ్యవసాయ కళాశాల ఉంది, ఒక్కసారి సరిచూసుకోవాలంటే అక్కడ అడిగి చూడండి.

ఫోన్ యాప్ సంగతి అడగలేదు గానీ చెబుతున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వెలుతురు సెన్సర్ తెర పైభాగంలో, చెవికి ఆనించే స్పీకర్ పక్కన ఉంటుంది, సాధారణంగా. అది తెర వెలుగు సర్దడానికి పెట్టింది, ఫోన్ ఫోన్‌కీ అంకె మారుతుంది, మీద అతికించిన గ్లాసు మురికైనా మారుతుంది. ఈ అర కన్నా ఆ అర వెలుగా కాదా అని చూడటానికి పర్వాలేదు, 7,800 అనే అంకెని మాత్రం పక్కన పెట్టేయండి.

కొలిచేటప్పుడు మీటర్ మూత పెట్టి సున్నా వస్తోందో లేదో చూసుకోండి. కిటికీ వెలుతురు కలవకుండా రాత్రిపూట కొలవండి. తెల్ల గుండ్రటి బిళ్ళ పైకి చూసేలా, ఆకుల ఎత్తులో, బల్లపరుపుగా పట్టుకోండి, కొంచెం వాలినా అంకె మారిపోతుంది. నడుమ ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు చూసి సుద్దముక్కతో అర మీదే రాసుకోండి. మూలల్లో బాగా తక్కువ వస్తే ట్రేలని రెండు రోజులకోసారి నడుమకీ మూలకీ మార్చండి.

ఇంకొక మాట, మీకు నచ్చకపోవచ్చు. మబ్బు పట్టిన రోజున కూడా మధ్యాహ్నం బయట సాధారణంగా పదివేల లక్స్ పైనే ఉంటుంది, ఎండ కాస్తే లక్ష. మీ భయం వానే కదా, నాలుగు వెదురు గుంజలు పాతి పైన పారదర్శక పాలిథిన్ కప్పి, పక్కలకి నెట్ కడితే వాన ఆగుతుంది, వెలుతురు ఊరికే వస్తుంది. గది మొలకెత్తించడానికి వాడుకుని, మొలక పైకి కనబడ్డ రోజే ట్రేలు ఆ పందిరి కిందకి మార్చేస్తే ఈ ట్యూబుల గొడవే సగం తగ్గుతుంది. మొలకలు వచ్చాక ఒక్క రోజు చీకట్లో ఉంచినా కాడ సాగుతుంది, అది తర్వాత ఎంత వెలుతురిచ్చినా పొట్టిబడదు.

ఇప్పుడు సాగిపోయిన నారులో టమాటాని పారేయకండి, నాటేటప్పుడు కాడని కింది ఆకుల దాకా మట్టిలోకి దించి నాటండి, కాడకి వేళ్ళు వస్తాయి. మిరపకి అలా అంతగా రావు, బాగా వాలిపోయినవి తీసేసి ఆ ట్రేలు మళ్ళీ విత్తుకోండి.