పాలు మాన్పించిన పంది పిల్లలకు తవుడు ఎప్పుడు, ఎంత

గుణుపురం

చిరంజీవి అల్లుడికి ఆశీస్సులు.

వచ్చే వారం పది పిల్లల్నీ తల్లి నుంచి విడదీస్తానన్నావు. ఊరి మిల్లులో తవుడు దొరుకుతుంది గనుక మొదటి రోజు నుంచే దాంతో మేపేస్తానన్నావు. పీచు పెట్టాలన్న ఆలోచన మంచిదే. నా భయమల్లా ఆ తవుడు గురించే.

పాలు ఆగిన రెండు మూడు రోజులు పిల్ల సరిగా తినదు. చిన్నపేగు గోడ మీద నూగులా ఉండి తిండిని పీల్చుకునే చూషకాలు ఆ పస్తుకే పొట్టివైపోతాయి. నాలుగో రోజుకి ఆకలి తిరిగొచ్చి తొట్టె మీద పడుతుంది. అరగని మాంసకృత్తులు పెద్దపేగులోకి దిగి కుళ్ళుతాయి, ఈ.కోలై అనే బ్యాక్టీరియా పెరిగి పారుడు (విరేచనాలు) పట్టుకుంటుంది. దాణాలో కొంచెం పీచుంటే పెద్దపేగులోని మంచి సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టుకుంటాయి. అందులోంచి వచ్చే బ్యుటిరేట్ అనే ఆమ్లం పేగు గోడకి తిండి. నీళ్ళలో కరగని గరుకు పొట్టు లోపలి సరుకుని ముందుకి తోస్తుంది, ఈ.కోలై గోడకి అంటుకోవడం తగ్గుతుంది. జిగురు కట్టే పీచుది వేరే గుణం. అది సరుకుని పేగులో నిలబెట్టేస్తుంది. అందుకే గోరుచిక్కుడు గింజల పిండి కలిపిన పశువుల దాణా ఈ వయసులో పెట్టకు.

ఇక తవుడు. పాత హల్లర్ మిల్లులో తవుడూ ఊకా కలిసే వస్తాయి. ఊకలో మూడో వంతుకి పైగా అరగని పీచే, మిగతాదాంట్లో ఇసకలాంటి సిలికా. పిల్ల కడుపు నిండుతుంది గాని బరువు రాదు. గుప్పెడు తవుడు గ్లాసు నీళ్ళలో వేసి కలిపి కాసేపు వదిలెయ్యి. పైన మందంగా పొర తేలితే అది ఊక, ఆ బస్తా పిల్లలకి వద్దు. మంచి తవుడైనా నూనె ఎక్కువ, మిల్లు పట్టిన కొద్ది రోజులకే కనరు వాసన వస్తుంది. ఆ రోజే మూకుడులో వేడెక్కేదాకా వేయిస్తే ఇంకొంత కాలం ఆగుతుంది.

మొదటి రెండు వారాలకి గోధుమ పొట్టే మేలు. దాన్ని మళ్ళీ పిండి పట్టించకు, ఆ గరుకే పనికొచ్చేది. 100 కిలోల దాణాకి మొక్కజొన్న రవ్వ 63, సోయాచెక్క 22, గోధుమ పొట్టు 8, ఎండు చేపల పొడి 5, లవణ మిశ్రమం ఒకటిన్నర, ఉప్పు అర కిలో. మాంసకృత్తులు 18–19 శాతం దగ్గర వస్తాయి. ఇంకా ఎక్కువ పెడితే త్వరగా పెరుగుతాయనుకోకు, పారుడుకి మేత అదే. చేపలు ఉప్పువైతే విడిగా ఉప్పు మానెయ్యి. ఉప్పు ఎక్కువై నీళ్ళు చాలకపోతే పిల్లలు గిలగిలా కొట్టుకుని చనిపోతాయి. ఇంట్లో చోళ్ళు (రాగులు) ఉంటే దంచి, మొక్కజొన్నలో 15 కిలోల వరకు బదులు వేసుకోవచ్చు.

ఎనిమిది, పది కిలోల పిల్లకి మొదటి రోజు 100 గ్రాములు చాలు. గోరువెచ్చని నీళ్ళలో జావలా కలిపి నాలుగైదు సార్లుగా పెట్టు. మిగిలింది పారబోసి తొట్టె కడుగు, పులిసిన జావ మళ్ళీ పెట్టకు. రోజుకి 50 గ్రాముల చొప్పున పెంచుతూ వారానికి 400 గ్రాములకి తీసుకురా. నాలుగో రోజు అవి ఎంత అరిచినా ఈ లెక్క దాటకు. చాలామంది దగ్గర పిల్లలు పోయేది ఆ రోజు జాలిపడి తొట్టె నింపడం వల్లే.

మూడో వారం నుంచి ఊక లేని తవుడు 10 శాతంతో మొదలుపెట్టి, నెల తిరిగేసరికి 20కి పెంచు. ఆ మేరకు మొక్కజొన్న తగ్గించు. చిలగడదుంప తీగలు కూడా అప్పటి నుంచే సన్నగా తరిగి, ఉడికించి కొద్దిగా పెట్టు. ఇప్పసారా పిప్పి, హాండియా (బియ్యం పులియబెట్టి చేసే కల్లు) పిప్పి పెద్ద పందులకి ఉంచు.

పారుడు కనిపిస్తే దాణా సగానికి తగ్గించు, నీళ్ళు మాత్రం ఆపకు. లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు కలిపి పదే పదే తాగించు. పిల్లని చంపేది ఒంట్లో నీరు ఇంకిపోవడమే. దుకాణంలో ఎవరైనా కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ పొడి ఇస్తే తీసుకోకు, మాంసం కోసం పెంచే జంతువులకి దాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు. కనురెప్పలు ఉబ్బి, నడక తూలితే అది వేరే జబ్బు. బాగా బలిసిన పిల్లలకే ముందు వస్తుంది, గంటల్లో ప్రాణం పోతుంది. వెంటనే పశువుల డాక్టరుకి కబురు పెట్టు.

విడదీసే రోజు తల్లినే వేరే చోటికి తోలు, పిల్లల్ని ఉన్న దొడ్లోనే ఉంచు. కొండ చలికి కింద పొడి గడ్డి మందంగా పరువు. ఆ గడ్డిలో పిల్లలు కొంత నమిలినా ఫరవాలేదు.

మీ మామ