"పెళ్లి చేస్తే సర్దుకుంటాడు కదా?" అన్న ప్రశ్నకు మీ సినిమాలో జవాబుందా?

మీరు అడిగింది ఇదీ: ప్రకాశం జిల్లాలో ఒక మండల కేంద్రంలో గే, ట్రాన్స్‌జెండర్ వాళ్ల గురించి డాక్యుమెంటరీ వేయాలనుకుంటున్నారు. జనం ఆలోచన మారుతుందా, గొడవ అవుతుందా, ఏమేం చూసుకోవాలి?

నేను ఒంగోల్లో పెళ్లి వీడియోలు తీస్తాను. కొందరు మిత్రుల కోసం ఇలాంటి చిన్న డాక్యుమెంటరీ ఒకటి తీసి ఒంగోలు, కావలి, నెల్లూరు చుట్టుపక్కల చూపించాం. ఆ అనుభవంతో చెబుతున్నా.

మన దగ్గర ఎవరూ హక్కుల గురించి అడగరు. సినిమా అయిపోయి లైట్లు వేయగానే వచ్చే ప్రశ్న ఎక్కడైనా ఒకటే. "పెళ్లి చేస్తే సర్దుకుంటాడు కదా?" అది ఎగతాళికి అడిగేది కాదు. అలా అడిగేవాళ్లలో చాలామందికి ఇంట్లోనో, చుట్టాల్లోనో ఒక పిల్లాడు మనసులో ఉంటాడు. దానికి జవాబు లేని సినిమా ఎంత గొప్పదైనా ఇక్కడ పనిచేయదు. ముంబై ర్యాలీలు, సుప్రీంకోర్టు మెట్లు, ఇంగ్లీషులో మాట్లాడే లాయర్లు ఉన్నవి మొదట్లో వేశాం. బుద్ధిగా కూర్చుని చూసి, "పట్నాల్లో ఇట్టాంటివన్నీ ఉంటాయిలే అబ్బయ్యా" అని చీరలు దులుపుకుని లేచారు.

మేం తీసినదాంట్లో జనాన్ని పట్టుకున్నది సముద్రం పక్క పల్లెలో ఒక తల్లి. మొహం ఎక్కడా కనపడదు. కత్తిపీట ముందు కూర్చుని చేపలు శుభ్రం చేస్తూ మాట్లాడుతుంది. "వాడు వద్దు వద్దంటానే ఉన్నాడు. నేనే చస్తానని బెదిరించి చేశా. మూడు నెలలకి ఆ పిల్ల సంచి సర్దుకోని పుట్టింటికి పోయింది. పోతా పోతా ఒక మాటడిగింది. అత్తా, నీకు ముందే తెలుసా అని." అక్కడ వయొలిన్ పెడదామని మావాళ్లు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. పొలుసు గీకే చప్పుడు, పక్కింటి కోడి అరుపు అట్లాగే ఉంచేశా.

పొదుపు సంఘం ఆడవాళ్లకు చూపించినప్పుడు చర్చంతా ఆ కోడలి మీదే నడిచింది. ఆ పిల్లకు మళ్లీ పెళ్లయిందా, కట్నం తిరిగిచ్చారా, పెద్దమనుషులు ఏమన్నారు? మగపిల్లాడు తనకు నచ్చినట్టు బతకడం గురించి వాళ్లలో సవాలక్ష అభిప్రాయాలున్నాయి గానీ, తెలిసి తెలిసి ఒక ఆడపిల్ల గొంతు కోయడం తప్పని చెప్పడానికి ఎవరూ తడుముకోలేదు. నేను అనుకోని దారి అది. మీరు తీసేది ఏదైనా ఆ దారి వదలొద్దు.

మన వైపు ఇదేం కొత్త కూడా కాదు. పక్కన నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం ఎట్లా మొదలైంది? రాత్రిపూట అక్షరాస్యత తరగతిలో చదివిన ఒక పాఠంలో ఆడవాళ్లు తమ ఇంటి కథే చూసుకున్నారు, ఆ తర్వాత కూర్చుని మాట్లాడుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చేదాకా అది సాగింది. పాఠం ఒక్కటే చాలదు, తర్వాతి మాటలే అసలు పని. కాబట్టి సినిమా అరగంట దాటనివ్వకండి, మాటలకు గంట ఉంచండి.

ఆ గంటలో జవాబు చెప్పగలిగినవాళ్లు ఒకరుండాలి. ఇది జబ్బా అని తప్పకుండా అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే స్వలింగ ఆకర్షణను జబ్బుల జాబితా నుంచి తీసేసింది. 2021లో ప్రేమించుకున్న ఇద్దరు అమ్మాయిల కేసులో మద్రాసు హైకోర్టు జడ్జి ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం తనకే సరిగా తెలియదని చెప్పి, తీర్పుకు ముందు సైకాలజిస్టు దగ్గర కూర్చున్నారు. నేను ఈ సంగతి చెబితే పెద్దవాళ్లు బాగా వింటారు, జడ్జి అంతటాయన నేర్చుకోగా లేనిది మనకేం అని. ఆ కేసు తర్వాతే, 2022లో, "మార్చేస్తాం" అని వైద్యం చేయడం డాక్టరు వృత్తికే తప్పు పని అని జాతీయ వైద్య కమిషన్ చెప్పింది. నేరమా అంటే, సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన 2018 సెప్టెంబరు 6 నుంచి కాదు. మరి వాళ్లలో వాళ్లు పెళ్లి చేసుకోవచ్చా అంటే, 2023లో సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, లేనిది కలపొద్దు.

ట్రాన్స్‌జెండర్ల సంగతి వేరు. ఒంగోలు నుంచి గూడూరు దాకా రైల్లో చప్పట్లు కొట్టి డబ్బులడిగేవాళ్లుగా తప్ప మనవాళ్లకు వాళ్లు తెలియదు. వాళ్లను మూడో జెండర్‌గా గుర్తించిన 2014 సుప్రీంకోర్టు తీర్పు, వాళ్ల హక్కుల మీద వచ్చిన 2019 చట్టం, కలెక్టరు ఇచ్చే గుర్తింపు కార్డు, నెలకు 4,000 పింఛను, ఇవన్నీ చెప్పొచ్చు. వాళ్లే హాల్లో ఉంటే ఇంకా మంచిది. ఒకచోట ఒక పెద్దాయన, నాటకాల్లో ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారి సత్యభామ వేషం ఎత్తుకుని, అప్పట్లో మేం చప్పట్లు కొట్టలేదా అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు, పాపం. వెనక వరుసలో కూర్చున్న ఒకామె లేచి, "ఆయన రంగు కడుక్కోని ఇంటికి పోయేవాడు పెదనాయనా, మేం కడుక్కోడానికి రంగేం లేదు" అంది. పెద్దాయన నవ్వి, తన పక్క కుర్చీ చూపించి కూర్చోమన్నాడు.

మీరే తీసేట్టయితే కెమెరా మనిషిగా నా మాట వినండి. మొహం మీద మొజాయిక్ వేయొద్దు, టీవీలో దొంగల్ని చూపించినట్టుంటుంది. చేతులు తీయండి, వెలుతురుకు ఎదురుగా కూర్చోబెట్టి నీడ తీయండి. చిన్న ఊళ్లలో మనిషిని పట్టించేది మొహం ఒక్కటే కాదు. గొంతు, గేటు రంగు, బండి నంబరు, గోడ మీది క్యాలెండర్ కూడా పట్టిస్తాయి. గొంతు వేరేవాళ్ల చేత చెప్పించి, ఆ మాట తెర మీద రాయండి. రఫ్ కట్, అంటే మొదటి ఎడిటింగ్, ముందు వాళ్లకే చూపించండి. ఆ రోజు కూడా "నన్ను తీసేయ్" అంటే తీసేయాల్సిందే. ట్రాన్స్ వాళ్లతో షూటింగంటే ముందు వాళ్ల గురువుతో, అంటే వాళ్ల గుంపు పెద్దతో, మాట్లాడండి, వాళ్లకు ఆ రోజు పోయిన సంపాదన ఇవ్వండి.

బయటి సినిమా వేసేట్టయితే తీసినవాళ్లను అడిగి వేయండి. సబ్‌టైటిల్స్ నమ్ముకోవద్దు, తెలుగు గొంతు పెట్టించండి. పోస్టర్లు వేసి ఊరందరినీ పిలిస్తే సెన్సార్ సర్టిఫికెట్ మాట వస్తుంది, మొదట తెలిసినవాళ్లను పిలిచి చూపించుకోండి.

గొడవ గురించి మీకున్న టెన్షన్ ఊరి పెద్దల వల్ల అయితే అంత అక్కర్లేదు. మాకు తలనొప్పి వచ్చింది ఫోన్ల వల్ల. ఎవరో క్లిప్ తీస్తే, ఒక లోకల్ యూట్యూబ్ ఛానల్ దానికి పిచ్చి థంబ్‌నెయిల్ తగిలించింది. అప్పటి నుంచి ఫోన్లు గుమ్మం దగ్గరే బుట్టలో వేయిస్తున్నాం. మా సినిమా నెట్‌లో పెట్టలేదు, పెన్‌డ్రైవ్ నా దగ్గరే ఉంటుంది.

ఒంగోలు చుట్టుపక్కలే అయితే ప్రొజెక్టర్, స్పీకర్లు నేనే తెస్తా. కాకపోతే ఆషాఢంలో పెట్టుకోండి, ముహూర్తాలుండవు కాబట్టి నేను ఖాళీ.