ఇంగ్లండు పింగాణీలో ఎముక ఉందా?

ప్రశ్న: మా అత్తగారు నాకిచ్చిన ఆరు పింగాణీ పళ్లేల మీద నీలిరంగు పూలు, వెనక ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అన్న ముద్ర ఉన్నాయి. ఇంగ్లండు పింగాణీలో ఎముకల పొడి కలుపుతారని విన్నాక, శాకాహారులం కనుక వాటిని అటక ఎక్కించాను. విన్నది నిజమేనా? అక్కడ ఈ పని ఇప్పటికీ సాగుతోందా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీరు విన్నది నిజమే కాని, అది బోన్ చైనా అనే ఒక్క రకానికే వర్తిస్తుంది. ఇంగ్లండులో పింగాణీ పనికి పేరుపడ్డ స్టోక్-ఆన్-ట్రెంట్‌లో, ఆ పనే చేసే స్పోడ్ కుటుంబం 1790ల నాటికి కుదిర్చిన పాళ్లే ఇంచుమించు నేటికీ నడుస్తున్నాయి: సగం కాల్చిన పశువుల ఎముకల బూడిద, మిగతా సగం ఇంగ్లండు నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ తెల్లమట్టి, అక్కడిదే రాతిపొడి. కప్పు పలుచగా ఉండి కూడా గట్టిగా నిలవడం ఆ బూడిద చలవే. పళ్లేన్ని కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకొని, వెనక వేళ్లు కదిపి చూడండి. ఇంగ్లండు సరుకులో వేళ్ల నీడ కనిపించిందంటే అది దాదాపుగా బోన్ చైనాయే. కనిపించకపోతే అది ఎర్దెన్‌వేర్ అనే కాల్చిన మట్టి రకం; మట్టి, చెకుముకి రాతిపొడి వంటివే తప్ప అందులో ఎముకల బూడిద ఉండదు. నీలి అచ్చు పళ్లేలలో ఎక్కువ భాగం ఈ రెండో రకమే.

ఆ నీలిపూలను పరీక్షగా చూడండి. రాగిరేకు మీద బొమ్మ చెక్కి, రంగు పట్టించి, పలుచని కాగితం మీదికి తీసి, ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పళ్లేనికి అంటించి బ్రష్షుతో గట్టిగా రుద్దుతారు. కాగితం కడిగేశాక మెరుపు పూత పూసి మళ్లీ కాలుస్తారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా పెద్దమ్మగారి పళ్లెం అంచున ఒకచోట ఆకు సగంలో తెగి, పక్క పువ్వులోకి చొరబడి ఉంటుంది. రెండు కాగితపు ముక్కలు కలిసిన అతుకు అది. అంటించిన మనిషి చేతి గుర్తు కనుక, ఆ పళ్లెంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు అదే.

స్టోక్ ప్రాంతంలో ఈ పని స్థిరపడటానికి ముఖ్య కారణం బొగ్గు. మట్టి కన్నా బట్టీలకు బొగ్గే ఎక్కువ కావాలి కనుక, తెల్లమట్టే కార్న్‌వాల్ నుంచి బొగ్గును వెతుక్కుంటూ వచ్చింది. 1777లో పూర్తయిన ట్రెంట్-మెర్సీ కాలువ మీద మట్టి లోపలికీ, పగలకుండా పళ్లేలు బయటికీ ప్రయాణించాయి.

పని ఇప్పటికీ సాగుతోంది. స్పోడ్ సంస్థ 2008లో దివాలా తీసినా, 2009లో ఆ పేరు కొన్న పోర్ట్‌మీరియన్ సంస్థ 1816 నాటి ‘బ్లూ ఇటాలియన్’ నమూనాను స్టోక్‌లోనే కొనసాగించింది. స్టోక్‌లోనే ఉన్న మిడిల్‌పోర్ట్ కార్ఖానాలో బర్లీ సంస్థవారు పైన చెప్పిన కాగితపు అచ్చును ఇంకా చేత్తోనే వేస్తున్నారు. అయితే పేరున్న సంస్థల సరుకులో చాలా భాగం ఇప్పుడు ఆసియా దేశాలలో తయారవుతోంది కనుక, కొత్తవి కొనేటప్పుడు సంస్థ పేరుతో సరిపెట్టుకోక ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ ముద్ర కూడా చూసుకోవాలి. మీ పళ్లేల మీద ఆ మాటలున్నాయి కాబట్టి అవి బహుశా ఇరవయ్యో శతాబ్దానివి. ఉత్త ‘ఇంగ్లండ్’ అని మాత్రమే ఉంటే సాధారణంగా 1891 తరువాతివి అనుకోవచ్చు.

ఒక్క జాగ్రత్త. పాత మెరుపు పూతలలో సీసం ఉండేది. పూత మీద వెంట్రుకవాసి పగుళ్లుంటే చింతపండు పులుసు, నిమ్మకాయ, ఊరగాయ వంటి పులుపు పదార్థాలు వాటిలో వడ్డించకండి, నిల్వ అసలే ఉంచకండి. వెలుతురు పరీక్షలో మీ పళ్లేలు ఎర్దెన్‌వేర్ అని తేలితే అటక మీద నుంచి దించి, పండుగనాడు పొడి పిండివంటలు వాటిలో నిశ్చింతగా పెట్టండి.