ప్రాసెసర్ స్పీడు రాకపోతే కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది కావలి. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకుని బతుకుతున్నాను. మొన్న ఒంగోలులోని ఒక షాపులో 78 వేలు పెట్టి ఇంటెల్ కోర్ ఐ7-12700 ప్రాసెసర్‌తో కంప్యూటర్ అసెంబుల్ చేయించుకున్నాను. 4.9 గిగాహెర్ట్జ్ వరకు స్పీడు అని ప్రకటనలో ఉంది. ఎక్స్‌పోర్ట్ (ఎడిట్ అయిన వీడియోను ఫైలుగా తీయడం) పెడితే నాకు 2.9 దాటడం లేదు. నా స్నేహితుడి దగ్గర అదే ప్రాసెసర్ వేరే మదర్‌బోర్డు మీద 4కి పైనే నడుస్తోంది. షాపు వాళ్లు ‘కంపెనీని అడుక్కోండి’ అంటున్నారు. కంపెనీ మీద కేసు వేయొచ్చా?

జవాబు: కంపెనీ మీద వేస్తే నిలవడం కష్టం. మీ కాగితాలు చూశాక నాకు తోచింది, మీ కేసు షాపు మీద ఉంది.

ప్రకటనలో ‘వరకు’ అన్న మాట ఉంది చూడండి, కంపెనీ దాని వెనకే నిలబడుతుంది. 4.9 అనేది తేలిక పని మీద ఒక కోర్ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం) కాసేపు అందుకునే గరిష్ఠ వేగం. ఎక్స్‌పోర్ట్‌లో 12 కోర్లూ ఒకేసారి పని చేస్తాయి, అప్పుడు అంత రాదు. ఇదే ప్రాసెసర్‌కు పెద్ద కోర్ల బేస్ వేగం, అంటే మామూలుగా నడిచే వేగం, 2.1 అని ఇంటెల్ తన వివరాల్లోనే రాసింది. బేస్ పవర్ 65 వాట్లు, టర్బోలో, అంటే వేగం పెంచుకున్నప్పుడు, గరిష్ఠంగా 180 వాట్లు. ఆ 180 ఎంతసేపు అందుతుందో మదర్‌బోర్డు మీద ఆధారపడి ఉంటుంది. మీకు బిగించిన హెచ్610 రకం లాంటి తక్కువ ధర బోర్డుల్లో చాలావాటికి కరెంటు అందించే భాగం చిన్నది, కొన్నింటికి దాని మీద హీట్‌సింక్ (వేడిని లాగేసే లోహపు ముక్క) కూడా ఉండదు.

మీరు పంపిన స్క్రీన్ ఫొటోలు చాలాసేపు చూశాను. మొదటి అర నిమిషం 120 వాట్లు, 4.2 స్పీడు. తర్వాత పవర్ సరిగ్గా 65కి పడిపోయింది, స్పీడు 2.9కి దిగింది. వేడి మాత్రం 68 డిగ్రీలే. అంటే కావలి ఎండల వల్లో, కూలర్ వల్లో వచ్చిన సమస్య కాదు, బోర్డు పెట్టిన పరిమితి అది. ప్రాసెసర్‌లో లోపం ఉందని ఈ ఫొటోలతో నిరూపించలేం.

ఇక అసలు సంగతి. కొనేముందు షాపతను మీకు పెట్టిన వాట్సాప్ మెసేజ్: ‘హెచ్610 చాలన్నా, 4కె ఎడిటింగ్‌కి ఫుల్ స్పీడ్ వచ్చిద్ది.’ మీ కేసుకు ప్రాణం ఈ ఒక్క లైనే. మీ పనేంటో చెప్పి, అతని అనుభవాన్ని నమ్మి కొన్నారు. అలాంటప్పుడు వస్తువు ఆ పనికి తగినదై ఉండాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ చెబుతుంది. అమ్మినవాడు సొంతంగా ఇచ్చిన హామీకి అతనే బాధ్యుడని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 86వ సెక్షన్‌లో ఉంది. ‘కంపెనీని అడుక్కోండి’ అంటే చెల్లదు.

అవతలి లాయరు మొదట లేవనెత్తేది ఒకటుంది: ‘ఈయన వ్యాపారం కోసం కొన్నాడు, వినియోగదారుడే కాడు.’ దీన్ని తేలిగ్గా తీసుకోకండి, మంచి కేసులు కూడా ఇక్కడే పోతుంటాయి. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి మాత్రమే కొని వాడుకునేవాళ్లు వినియోగదారులే అని ఆ 2019 చట్టంలోనే వివరణ ఉంది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు 1995లోనే ఈ తేడాను విడమరిచి చెప్పింది. కాబట్టి కంప్యూటర్ మీద కూర్చుని ఎడిట్ చేసేది మీరేనని, కుటుంబం దాని మీదే నడుస్తోందని ఫిర్యాదు మొదటి పేజీలోనే రాయించండి.

షాపు ఒంగోలులో ఉన్నా మీరు నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, మీరుండే చోట వేసే హక్కు అదే చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. పరీక్ష అవసరమని కమిషన్ అనుకుంటే ల్యాబ్‌కు పంపుతుంది, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. వాట్సాప్ మెసేజ్‌కు సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం, అది ఏ ఫోను నుంచి ఎలా తీశారో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. ఉత్త ప్రింటవుట్ చాలదు.

అంతకంటే ముందు ఒక పని చేయండి. తెలిసిన టెక్నీషియన్‌తో బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెర) పవర్ పరిమితి సెట్టింగ్ చూపించండి. కొన్ని బోర్డుల్లో అది పెంచుకోవచ్చు. పెంచాక అరగంట ఎక్స్‌పోర్ట్ నిలబడితే కోర్టు టెన్షన్ లేకుండానే మీ పని అయిపోతుంది. నిలబడకపోతే అదే మీకు సాక్ష్యం, ముందూ తర్వాతా రెండూ వీడియో తీసి పెట్టుకోండి. ఆ తర్వాత బోర్డు మార్చి ఇవ్వమని, లేదా డబ్బు తిరిగి ఇవ్వమని షాపుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పండి, కొందరు ఆ ఫోన్‌తోనే దారికొస్తారు.

బిల్లులో మదర్‌బోర్డు మోడల్ రాయలేదని గమనించాను. ఈ వారంలోనే వెళ్లి మోడల్, సీరియల్ నంబరుతో బిల్లు అడిగి తీసుకోండి. ఈ లోపు ఇప్పుడున్న బోర్డు ఎవరికీ అమ్మకండి, ఆ వాట్సాప్ చాట్ చెరపకండి, ఫోను మార్చేటట్లయితే పాతది జాగ్రత్తగా దాచండి.