గోలీలు పెంచుతారనుకుంటే తగ్గించారు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది హనుమకొండ. నిరుడు మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చింది. ఎనిమిది నెలలు బాగానే ఉన్నాడు, మొన్న క్రియాటినిన్ (కిడ్నీ సరిగా పనిచేయకపోతే రక్తంలో పెరిగేది) 1.2 నుంచి 1.9కి పోయింది. జ్వరం లేదు, నొప్పి లేదు. టెస్టులు చేసి బీకే వైరస్ అన్నారు, పాలియోమా అన్నారు, గోలీలు తగ్గించారు. ఆపరేషన్ అప్పుడేమో ఒక్క పూట కూడా తప్పొద్దన్నారు! పాలియోమా అంటే క్యాన్సరా? అమ్మ కిడ్నీ నుంచే వచ్చిందా? ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె సరిగా తినట్లేదు. పిల్లలకు అంటుకుంటుందా?

జవాబు: ముందు అమ్మగారిని అన్నం తినమనండి. ఈ వైరస్ పెద్దవాళ్లలో నూటికి 80 మందికి చిన్నప్పుడే సోకి ఉంటుంది, మనకు తెలియను కూడా తెలియదు, అప్పటి నుంచి కిడ్నీల్లో చప్పుడు చేయకుండా పడి ఉంటుంది. మీలో ఉండొచ్చు, నాలోనూ ఉండొచ్చు. అవును, చాలాసార్లు పెట్టిన కిడ్నీతోపాటే వస్తుంది, కానీ ఎవరి కిడ్నీ పెట్టినా ఇంచుమించు ఇదే కథ. 1971లో లండన్‌లో దీన్ని మొదట గుర్తించింది కూడా కిడ్నీ మార్పిడి చేయించుకున్న ఒకాయన మూత్రంలోనే, బీకే అన్నవి ఆయన పేరులోని పొడి అక్షరాలు.

క్యాన్సర్ కాదు. ఎలుకల్లో రకరకాల గడ్డలు పుట్టించిన వైరస్ వల్ల ఈ కుటుంబానికంతా ఆ పేరు వచ్చింది, అంతే. ఈ కుటుంబంలోనే 2008లో బయటపడ్డ మెర్కెల్ సెల్ వైరస్ అరుదైన ఒక చర్మ క్యాన్సర్ తెస్తుంది, అది వేరే.

ఇక గోలీల సంగతి. టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ చేసే పని ఒంట్లోని కాపలాను నిద్రపుచ్చడం, లేకపోతే అమ్మ కిడ్నీని పరాయిదనుకుని ఒళ్లు తిప్పికొడుతుంది. కాపలా మరీ మొద్దునిద్ర పోతే ఈ వైరస్ లేస్తుంది. దీన్ని చంపడానికంటూ ప్రత్యేకంగా మందు లేదు, కాపలాను కొంచెం లేపడమే వైద్యం. చిక్కేమిటంటే, ఒళ్లు కిడ్నీని తిప్పికొట్టినా క్రియాటినిన్ ఇలాగే పెరుగుతుంది, దానికి మందులు పెంచాలి, దీనికి తగ్గించాలి, అందుకే రక్తంలో వైరస్ లెక్క చూస్తారు, అవసరమైతే కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. కాబట్టి 'పాపం, తక్కువైందేమో' అని ఇంట్లో ఎవరూ పాత డోసు వేయొద్దు, 'తగ్గిస్తే మంచిదే కదా' అని ఇంకోటి మానిపించొద్దు. తగ్గించాక తరచూ రమ్మంటారు, విసుక్కోకుండా వెళ్లండి.

పిల్లలతో మామూలుగానే ఉండనివ్వండి. వేరే కంచం, వేరే గది ఏమీ అక్కర్లేదు.

అడగకపోయినా ఒకటి చెప్తాను, మన వైపు నుంచి వెళ్లేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు. టాక్రోలిమస్ లెవెల్ కోసం రక్తం పొద్దుటి గోలీ వేసుకోకముందే ఇవ్వాలి. కాజీపేటలో తెల్లారకముందే రైలెక్కి, జనగామ దాటాక డబ్బాలోని ఇడ్లీ తిని, అలవాటుగా గోలీ మింగేసి, హైదరాబాద్‌లో చెయ్యి చాపుతారు. లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, డోసు ఉత్తపుణ్యానికి ఇంకా తగ్గుతుంది. మీ తమ్ముడిని ఆ గోలీ చొక్కా జేబులో పెట్టుకుని, రక్తం ఇచ్చాక అక్కడే వేసుకోమనండి. ముందు రోజు రాత్రి గోలీ ఎన్ని గంటలకు వేసుకున్నాడో కూడా వాళ్లకు చెప్పమనండి.