రోగిని కూడా మాట్లాడనివ్వు

చిక్కడపల్లి,
హైదరాబాద్.

అమ్మాయీ,

కిడ్నీలు చెడిన తండ్రికి కూతురు సేవ చేయడం మీద పోటీకని రాసిన నీ కథ చదివాను. డయాలసిస్ సూదులు గుచ్చే చేతిని ఆ తండ్రి తువ్వాలుతో కప్పి దాచుకునే వాక్యం బాగుంది. ఆ తర్వాతి పేజీ దగ్గర మాత్రం నాకు ఒళ్ళు మండింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన నాన్నకు కూతురు కళ్ళనీళ్ళతో కొబ్బరిబోండం తాగిస్తుందా? కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు చెడిన మనిషి ఒంట్లోంచి అది సరిగ్గా బయటికి పోదు. పెరిగితే గుండే ఆగిపోవచ్చు. ఏళ్ళ తరబడి సేవ చేస్తోందని నువ్వే రాసిన పిల్లకు ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను.

సేవలోని ప్రేమంతా పనిలోనే ఉంటుందమ్మా. పొటాషియం తగ్గేలా కూరముక్కలు కోసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్ళు వార్చెయ్యాలి. ఉప్పు కొలవాలి. రోజుకు ఇన్ని నీళ్ళే అని డాక్టరు చెప్పిన కొలతలో కాఫీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ సర్దాలి. హాస్యం పుట్టేదీ అక్కడే.

మావారికి వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటల డయాలసిస్ ఉండేది. ఆయన లెక్కల మాస్టారు. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోతుంటే చప్పరించమని ఓ ఐసుముక్క ఇచ్చేదాన్ని, అదీ లెక్కలో రాసుకునే. అన్నంలో కలిపిన చారు ఘనపదార్థం కిందికే వస్తుందని ఆయన రోజూ వాదించేవారు. నేను ఒప్పుకునేదాన్ని కాదు. మళ్ళీ డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు బరువు చూసే మిషనెక్కి, ఒంట్లో నిలిచిన నీటితో పెరిగిన బరువు చూసుకుని, “ఇది నీ తరఫున సాక్ష్యం చెప్పింది” అనేవారు. ఓ రోజు నీళ్ళు వార్చి చేసిన బంగాళాదుంప కూర నోట్లో పెట్టుకుని, “దీనికి కూడా డయాలసిస్ చేయించావా?” అన్నారు. ఆయనకు పొరపోయేదాకా ఇద్దరం నవ్వాం.

ఇవన్నీ కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, “జబ్బు కథలో నవ్వులేమిటి, పాఠకులు ఏడవద్దూ?” అని సంపాదకుడు తిప్పి పంపాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. అలాంటివాళ్ళ వల్లే మన కథల్లో మంచాన పడ్డ మనిషి మూగవాడైపోయాడు. పక్కన ఓ త్యాగమూర్తి ఏడుస్తుంటే ఆయన పైకప్పు చూస్తూ పడుకుంటాడు. ఇప్పటి కథల పోటీల్లోనూ అదే ఫ్యాషన్ నడుస్తోంది. నీ కథలో తండ్రి మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట మాట్లాడాడా, చూసుకో.

అలాగని నవ్వించే పని కూతురికి అప్పగించకు. జబ్బు ఆయనది. దాని మీద వేళాకోళమాడే హక్కు ముందు ఆయనకే ఉంది. ఆయన అంటే కూతురు అందుకోవాలి. డయాలసిస్‌లో నీరు ఎక్కువ లాగిన రోజు పిక్కలు పట్టేసి మనిషి మెలికలు తిరిగిపోతాడు. ఆ రోజు ఎవరూ హాస్యమాడరు. కాళ్ళు రుద్దుతూ కూర్చోవడమే. ఏ రోజు ఎలా ఉండాలో ఆ పిల్లకు తెలుసని చూపించు. ప్రేమ అనే మాట నీ కథలో పదేపదే వస్తోంది, సగానికి సగం కొట్టెయ్యి.

పోటీ గడువు గురించి టెన్షన్ పడకు, ఈసారికి వదిలెయ్. ఓ పొద్దున నిమ్స్‌కో గాంధీ ఆస్పత్రికో వెళ్ళు. పేషెంట్ల తాలూకు వాళ్ళు క్యారేజీలు పట్టుకుని బయట కూర్చుని ఉంటారు. పుస్తకం, పెన్ను బయటికి తియ్యకు. పక్కన కూర్చుని, ఈపూట ఇంట్లో ఏం వండారని అడుగు. ఉప్పులేని కూర చూసి లోపలి మనిషి ఏమన్నాడో వాళ్ళే చెప్తారు. ఆ తర్వాత మొదటినుంచి మళ్ళీ రాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి