మార్గదర్శి పురస్కారానికి ప్రతిపాదన లేఖ ఎలా రాయాలి? – సమాధానం

నమస్కారమండీ. ప్రజారోగ్య పరిశోధనలో మీకు మార్గదర్శిగా ఉన్న ప్రొఫెసర్ గారిని మెంటర్ పురస్కారానికి ప్రతిపాదించాలనుకుంటున్నారనీ, రాసిన లేఖ మాత్రం పొగడ్తల దండకంలా తయారైందనీ అన్నారు. ముందుగా ఆ విశేషణాలన్నీ తీసేయండి. ఆవిడ ప్రచురించిన పత్రాల సంఖ్యను, తెచ్చిన నిధులను కూడా ఒక్క వాక్యంతో సరిపెట్టండి. అవి ఆవిడ మంచి పరిశోధకురాలని చెబుతాయే తప్ప మంచి మార్గదర్శి అని చెప్పవు.

అందుకు సాక్ష్యం శిష్యుల దగ్గరే దొరుకుతుంది. వైద్య పరిశోధన పత్రాల వివరాలు దొరికే పబ్‌మెడ్ అనే ఆన్‌లైన్ సూచికలో వెతికి, ఆవిడ చివరి రచయితగా ఉన్న పత్రాల్లో మొదటి పేరు ఎవరిదో చూడండి. వైద్య పరిశోధనలో సాధారణంగా పని ఎక్కువగా చేసినవారి పేరు మొదట, పర్యవేక్షించినవారి పేరు చివర ఉంటుంది కాబట్టి, అక్కడ విద్యార్థుల పేర్లు తరచుగా కనిపిస్తే అది బలమైన ఆధారం. పరిశోధన వదిలి ఆసుపత్రులకో, ఆరోగ్య శాఖకో వెళ్లిన శిష్యులను దయచేసి మరచిపోకండి. నా దృష్టిలో వారి మాటకే ఎక్కువ విలువ.

తరువాత ఒక్క సంఘటనను వివరంగా రాయండి. పరిశోధనల నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ, రోగులు అధ్యయనంలో చేరేందుకు సంతకం చేసే మీ సమ్మతి పత్రాన్ని తిప్పి పంపినప్పుడు, రోగులకు అర్థంకాని వాక్యాలను ఆవిడ పక్కన కూర్చుని మీ చేతనే తిరగరాయించారని ప్రస్తావించారు కదా, ఆ వాక్యాల్లో ఒకటి ముందు ఎలా ఉండేదో, చివరికి ఎలా మారిందో రెండూ చూపించండి.

మద్దతు లేఖలు వేర్వేరు కాలాల శిష్యులవి ఉండాలి. నేచర్ అనే విజ్ఞానశాస్త్ర పత్రిక 2005లో ప్రారంభించిన మార్గదర్శుల పురస్కారాలు కూడా ఇదే కోరతాయి. ఇతరుల అనుభవాలను రాసేముందు వారి అనుమతి తప్పక తీసుకోండి.